ఇంగ్లండ్ బడుల్లో డిజైన్ అండ్ టెక్నాలజీ ఉపాధ్యాయ వృత్తి: ఎలా ప్రవేశించాలి, ఎలా ఎదగాలి

ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, ఫ్యాషన్ డిజైన్, ఫుడ్ టెక్నాలజీ వంటి కోర్సులు చదివి, తమ ఉద్యోగం వల్లనో జీవిత భాగస్వామి ఉద్యోగం వల్లనో ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగువారిలో బోధన వైపు మొగ్గేవారు సాధారణంగా గణితాన్నో భౌతికశాస్త్రాన్నో కంప్యూటింగ్‌నో ఎంచుకుంటారు. డిజైన్ అండ్ టెక్నాలజీ అనే సబ్జెక్టు వారి ఆలోచనలోకే రాదు, ఎందుకంటే మన రాష్ట్రాల బడుల్లో అటువంటిది ఒక ప్రధాన పాఠ్యాంశంగా ఎన్నడూ లేదు. అయితే ఇంగ్లండ్‌లో ఉపాధ్యాయుల కొరత అత్యంత తీవ్రంగా ఉన్న సబ్జెక్టుల్లో ఇదొకటి. శిక్షణలో చేరేవారి సంఖ్య ప్రభుత్వ లక్ష్యంలో సగానికి కూడా చేరని సంవత్సరాలు వరుసగా గడిచాయి. చేతిపని మీద ఇష్టం, పిల్లల మధ్య పని చేసే ఓపిక ఉన్నవారు ఈ వృత్తిలోకి ఎలా ప్రవేశించవచ్చో, ప్రవేశించాక ఏ క్రమంలో ఎదగవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులోని నియమాలు ఇంగ్లండ్‌కు మాత్రమే వర్తిస్తాయి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరువేరు పాఠ్యప్రణాళికలు, వేరువేరు నమోదు మండళ్లు ఉన్నాయి.

సబ్జెక్టు స్వభావాన్ని ముందుగా తెలుసుకోండి

1988 నాటి విద్యా సంస్కరణ చట్టం తరువాత ఇంగ్లండ్‌లో జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చింది. అంతవరకు విడివిడిగా నడిచిన చెక్కపని, లోహపుపని, కుట్టుపని, గృహవిజ్ఞానం వంటి వాటిని కలిపి 1990లో డిజైన్ అండ్ టెక్నాలజీ పేరుతో ఒకే సబ్జెక్టుగా రూపొందించారు. పిల్లవాడు ఒక అవసరాన్ని గుర్తించి, దానికి పరిష్కారాన్ని ఊహించి, గీసి, నమూనా చేసి, పరీక్షించి, మార్చి, మళ్లీ చేయడం ఈ సబ్జెక్టుకు ప్రాణం. పనితనం నేర్పడం ఇందులో సగం మాత్రమే. ఎందుకు ఇలా చేయాలని ఆలోచింపజేయడం మిగతా సగం. ఇంజనీరింగ్ చదివిన చాలామంది ఈ రెండవ సగాన్ని తక్కువగా అంచనా వేస్తారు, ఎందుకంటే ఒక్కటే సరైన జవాబు ఉండే లెక్కలతో మన చదువు సాగింది. ఇక్కడ ముప్పైమంది పిల్లలు ముప్పై రకాల జవాబులు తెస్తారు, వాటిలో చాలా వాటికి విలువ ఉంటుంది.

సబ్జెక్టు ప్రస్తుత స్థితి కూడా మీకు తెలిసి ఉండాలి. 2004లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఇది నిర్బంధం కాకుండా పోయింది. ఎంపిక చేసిన కొన్ని సబ్జెక్టుల ఆధారంగా బడుల పనితీరును కొలవడానికి 2010లో ప్రవేశపెట్టిన ఈబాక్ అనే కొలమానంలో దీనికి చోటు దక్కలేదు కాబట్టి చాలా పాఠశాలలు దీని మీద పెట్టే సమయాన్ని, డబ్బును తగ్గించుకున్నాయి. 2000ల తొలి సంవత్సరాలలో, పిల్లలు 16 ఏళ్ల వయసులో రాసే జీసీఎస్‌ఈ పరీక్షకు నాలుగు లక్షలకు పైగా నమోదులు ఉండగా, ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య లక్షలోపే ఉంటోంది. ఈబాక్‌ను తొలగిస్తామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించడం ఈ రంగంలో ఉన్నవారికి నిజమైన ఊరట. ఇన్నేళ్ల ఈ మార్పుల వల్ల మీకు కలిగే ఆచరణాత్మక ఫలితం ఏమిటంటే, ఒక్కొక్క పాఠశాలలో ఈ విభాగం ఒక్కొక్క స్థితిలో ఉంటుంది: ఒకచోట నాలుగు వర్క్‌షాపులు, లేజర్ కట్టర్లు, పూర్తికాలపు టెక్నీషియన్ ఉంటారు, మరొకచోట ఒకే ఒక్క ఉపాధ్యాయుడు, పాత యంత్రాలు ఉంటాయి. ఏ పాఠశాలలో చేరుతున్నారన్నది మిగతా సబ్జెక్టుల కన్నా ఇక్కడ ఎక్కువ ముఖ్యం.

అర్హత పత్రాలను సరిచూసుకోండి

ప్రభుత్వ నిధులతో నడిచే సెకండరీ బడుల్లో స్థిరమైన ఉద్యోగ జీవితం కావాలంటే క్యూటీఎస్ అనే ఉపాధ్యాయ హోదా అవసరమని భావించండి. ప్రైవేటు బడులు అది లేనివారిని కూడా తీసుకోగలవు గానీ, జీతంలోను ఎదుగుదలలోను ఆ లోటు త్వరలోనే కనిపిస్తుంది. క్యూటీఎస్‌కు దారితీసే శిక్షణలో చేరడానికి డిగ్రీతో పాటు, ఇంగ్లిషులోను గణితంలోను జీసీఎస్‌ఈ నాలుగవ గ్రేడుకు సమానమైన అర్హత చూపాలి. భారతదేశంలో చదివినవారు యూకే ఎనిక్ సంస్థ నుంచి తమ డిగ్రీకి, పాఠశాల స్థాయి పరీక్షలకు సమానత్వ పత్రం తీసుకోవాలి. పదవ తరగతి, ఇంటర్మీడియట్ మెమోలను అసలు ప్రతులతో సహా ముందే తెప్పించుకోండి. ఇంగ్లిషు విషయంలో సమానత్వం కుదరకపోతే అనేక శిక్షణ సంస్థలు ప్రత్యేక పరీక్ష రాయనిస్తాయి. దాన్ని చివరి నెలల వరకు వాయిదా వేయకండి.

మీ డిగ్రీ పేరు డిజైన్ అని ఉండనక్కరలేదు. మెకానికల్, సివిల్, ఎలక్ట్రానిక్స్, ఆర్కిటెక్చర్, టెక్స్‌టైల్స్ చదివినవారు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. వేరే డిగ్రీ ఉండి, చెక్కపనిలోనో దుస్తుల తయారీలోనో అనుభవం ఉన్నవారిని కూడా సంస్థలు పరిశీలిస్తాయి.

ఇప్పటికే బి.ఎడ్. చేసి భారతదేశంలో పాఠాలు చెప్పినవారు ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. విదేశీ ఉపాధ్యాయులు ఇంగ్లండ్‌లో మళ్లీ శిక్షణ పొందకుండా క్యూటీఎస్‌కు దరఖాస్తు చేసే సేవ 2023లో భారతీయులకు కూడా తెరుచుకుంది. అయితే భారతదేశంలో అర్హత పొందినవారి విషయంలో అది 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్సు, భాషలు బోధించే అర్హత ఉన్నవారికే పరిమితం. క్యూటీఎస్ ఒకసారి వచ్చాక మాత్రం అది ఏ ఒక్క సబ్జెక్టుకూ ముడిపడి ఉండదు. కాబట్టి బి.ఎడ్.లో గణితం లేదా భౌతికశాస్త్రం పద్ధతిగా తీసుకున్న ఇంజనీరింగ్ పట్టభద్రులు ఈ మార్గంలో క్యూటీఎస్ పొంది, వర్క్‌షాపు శిక్షణను విడిగా సమకూర్చుకుని, ఈ సబ్జెక్టులోకి మారడం సాధ్యమే. అలా చేసేవారు యంత్రాల భద్రత శిక్షణను ఎంతమాత్రం దాటవేయకూడదు.

దరఖాస్తుకు ముందే బడిని చూడండి, చేతులకు పని చెప్పండి

పత్రాలు సిద్ధమవుతున్న నెలల్లోనే మీ పరిసరాల్లోని రెండు మూడు సెకండరీ బడులకు లేఖ రాసి, డిజైన్ అండ్ టెక్నాలజీ తరగతులను కొన్ని రోజులు పరిశీలించడానికి అనుమతి కోరండి. ప్రభుత్వానికి ఇందుకోసం పాఠశాల అనుభవ సేవ ఒకటి ఉంది. తరగతిలో కూర్చున్నప్పుడు ఉపాధ్యాయుడు చెప్పే విషయం కన్నా, పనిముట్లు బయటికి ఎలా వస్తున్నాయి, లోపలికి ఎలా చేరుతున్నాయి, ఒక పిల్లవాడి దగ్గర ఆగి మాట్లాడుతున్నప్పుడు మిగతా గది మీద చూపు ఎలా నిలుపుతున్నారు అన్నవి గమనించి రాసుకోండి.

ఇంకా లోతుగా తెలుసుకోవాలనుకుంటే ఈ విభాగపు టెక్నీషియన్ ఉద్యోగాల కోసం చూడండి. పలకలను కొలతకు కోసి సిద్ధం చేయడం, యంత్రాలను శుభ్రపరచి నిర్వహించడం, లేజర్ కట్టర్‌కు ఫైళ్లు అమర్చడం వంటి పనులు ఇందులో ఉంటాయి. చాలా పోస్టులు బడి నడిచే వారాలకే పరిమితం కాబట్టి జీతం తక్కువే. అయినా చిన్న పిల్లలున్న తల్లులకు వేళలు అనుకూలంగా ఉంటాయి, పైగా శిక్షణ సంస్థల దృష్టిలో ఈ అనుభవానికి మంచి విలువ ఉంది. ఈ మెట్టును చిన్నతనంగా భావించవద్దని గట్టిగా చెబుతున్నాను.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి సంవత్సరపు వర్క్‌షాపు ప్రాక్టికల్స్‌లో ఫిట్టింగ్, కార్పెంటరీ చేసి ఉంటారు. అంతటితో సరిపెట్టుకోకండి. స్థానిక కళాశాలల సాయంత్రపు తరగతుల్లో గానీ, అందరికీ తెరిచి ఉండే మేకర్‌స్పేస్‌లు అనే సామూహిక వర్క్‌షాపులలో గానీ చేరి చెక్క అతుకులు, అక్రిలిక్‌ను వేడిచేసి వంచడం, సోల్డరింగ్, కుట్టుమిషను మీద సరళమైన కుట్లు నేర్చుకోండి. త్రీడీ నమూనాల కోసం ఆన్‌షేప్, ఫ్యూజన్, టింకర్‌క్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి బాగా వచ్చి ఉంటే చాలు. చేసిన ప్రతి వస్తువుకూ తొలి గీతల నుంచి విఫలమైన నమూనాల వరకు ఫోటోలతో ఒక పోర్ట్‌ఫోలియో కూర్చండి. తుది వస్తువు నునుపు కన్నా, మధ్యలో మీ నిర్ణయం ఎందుకు మారిందో చెప్పే పేజీలే ఇంటర్వ్యూలో ఎక్కువ ఉపయోగపడతాయి.

దరఖాస్తు, రుసుము, వీసా

శిక్షణకు దరఖాస్తులు ప్రభుత్వ వెబ్‌సైటులోని ఒకే సేవ ద్వారా వెళతాయి. అది ఏటా అక్టోబరులో తెరుచుకుంటుంది, శిక్షణ తరువాతి సెప్టెంబరులో మొదలవుతుంది. ఒకేసారి నాలుగు సంస్థలను ఎంచుకోవచ్చు. సీట్లు నిండే కొద్దీ మూసేస్తారు కాబట్టి క్రిస్మసు సెలవుల లోపు పంపడం మేలు. విశ్వవిద్యాలయం నడిపే పీజీసీఈ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు, బడుల సమూహాలు నడిపే స్కిట్ అనే శిక్షణ, రెండూ క్యూటీఎస్‌కు దారితీస్తాయి. వాటి మధ్య ఎంచుకునేటప్పుడు, అక్కడ ఈ సబ్జెక్టుకే ప్రత్యేకమైన శిక్షకుడు ఉన్నారా, వర్క్‌షాపు శిక్షణకు ఎన్ని రోజులు కేటాయిస్తారు అని సూటిగా అడగండి. ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇవ్వలేని సంస్థ ఎంత పేరున్నదైనా పక్కన పెట్టమనే నా సలహా.

డబ్బు విషయానికొస్తే, ఈ సబ్జెక్టులో శిక్షణ పొందేవారికి ప్రభుత్వం బర్సరీ అనే పన్ను లేని భృతి ఇస్తోంది. 2025–26లో అది 26,000 పౌండ్లు. మొత్తం ఏటేటా మారుతుంది కాబట్టి మీరు చేరే సంవత్సరపు ప్రకటనను చూసుకోండి. శాశ్వత నివాస హక్కు పొందినవారికి సాధారణంగా ఈ సహాయం, స్థానిక విద్యార్థుల రుసుము రెండూ వర్తిస్తాయి. ఆ రుసుము 2025–26లో గరిష్ఠంగా 9,535 పౌండ్లు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవారికి మాత్రం సాధారణంగా బర్సరీ రాదు, విదేశీ విద్యార్థుల రుసుము పడవచ్చు. అటువంటివారు జీతంతో కూడిన శిక్షణ పోస్టుల కోసం వెతకడమో, శాశ్వత నివాసం వచ్చే వరకు టెక్నీషియన్‌గానో సహాయకులుగానో పని చేయడమో నయం. ప్రభుత్వం ఉచితంగా నియమించే శిక్షణ సలహాదారుతో మీ వీసా వివరాలను చెప్పి రాతపూర్వకంగా సమాధానం తీసుకున్నాకే ఉన్న ఉద్యోగం మానేయండి.

పిల్లల భద్రత కోసం డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ అందరికీ ఉంటుంది. భారతదేశంలో నివసించిన కాలానికి అక్కడి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు గనుక దాన్ని ముందే తెప్పించుకోండి.

శిక్షణ సంవత్సరంలో ప్రదర్శన పాఠం మీద పట్టు సాధించండి

శిక్షణ సుమారు పది నెలలు సాగుతుంది. అందులో కనీసం 120 రోజులు, కనీసం రెండు వేరువేరు బడుల్లో గడుస్తాయి. ఈ సంవత్సరంలో మీరు నేర్చుకోవలసిన వాటన్నిటిలోకి ముఖ్యమైనది ప్రదర్శన పాఠం, అంటే పిల్లలను ఒక బల్ల చుట్టూ నిలబెట్టి ఒక పనిని చేసి చూపించడం. దీనికి ఒక క్రమం ఉంది. పిల్లలు చేయబోయే పనిని, వారికి ఇచ్చే అవే పనిముట్లతో, అదే సామగ్రితో ముందురోజు మీరే పూర్తిగా చేయండి. చేస్తున్నప్పుడు చేయి ఎక్కడ తడబడిందో అక్కడే పిల్లలూ ఆగిపోతారు కాబట్టి దాన్ని గుర్తు పెట్టుకోండి. పని ప్రతి దశలో ఎలా ఉంటుందో చూపడానికి సగం పూర్తయిన ముక్కలను సిద్ధంగా ఉంచండి. తరగతిలో చూపేటప్పుడు మాటలు తగ్గించి, చేతిని కనిపించనివ్వండి. మధ్యలో ఆపి, తరువాత ఏమి చేయాలో, ఎందుకు చేయాలో పిల్లల చేతనే చెప్పించండి. ఎనిమిది నిమిషాలు దాటితే వెనుక నిలబడ్డవారి దృష్టి చెదురుతుంది. పని పెద్దదైతే రెండు ముక్కలుగా విడగొట్టి చూపడం మంచిది.

భద్రత విషయంలో బీఎస్ 4163 అనే బ్రిటిష్ ప్రామాణిక పత్రాన్ని మీ విభాగంలో అడిగి చదవండి. వర్క్‌షాపులో ఒక ఉపాధ్యాయుడికి ఇరవైమందికి మించి పిల్లలు ఉండరాదన్నది అందులోని సిఫారసు. అది చట్టం కాదు కాబట్టి కొన్ని బడులు అంతకు మించిన తరగతులు ఇస్తాయి. అప్పుడు ఎన్ని యంత్రాలు ఒకేసారి నడవాలో తగ్గించే నిర్ణయం మీదే. ప్రతి యంత్రానికీ రాతపూర్వకమైన ప్రమాద అంచనా ఉండాలి. సర్క్యులర్ సా, ప్లేనర్ వంటి వాటి దగ్గరికి పిల్లలను రానివ్వకండి. ఎండీఎఫ్ (చెక్కనారతో చేసిన పలకలు) కోసినప్పుడు లేచే పొడిని లాగే యంత్రాలను కనీసం 14 నెలలకు ఒకసారి నిపుణుల చేత తనిఖీ చేయించాలని నియమం ఉంది. యంత్రం మీది తనిఖీ చీటీ మీద తేదీ చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. డిజైన్ అండ్ టెక్నాలజీ అసోసియేషన్ గుర్తింపు ఇచ్చే యంత్రాల భద్రత శిక్షణను ఈ సంవత్సరంలోనే పూర్తి చేసి, పత్రాన్ని భద్రపరచండి. సలహా కావలసినప్పుడు క్లీప్స్ అనే సంస్థ మార్గదర్శకాలు దాదాపు ప్రతి విభాగంలోనూ అందుబాటులో ఉంటాయి.

మన దగ్గర బోధించినవారికి తరగతి క్రమశిక్షణ కొంతకాలం కష్టంగా అనిపించవచ్చు. గురువు అనగానే నిశ్శబ్దం దానంతట అదే వస్తుందని ఇక్కడ ఆశించలేము. రక్షణ కళ్లద్దాలు, ఏప్రాన్ వేసుకోవడం, టై లోపలికి దోపుకోవడం, జుట్టు ముడి వేసుకోవడం, ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో చూపించడం, చాకులను లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవడం, చివరి పది నిమిషాలు శుభ్రపరచడానికి కేటాయించడం వంటి అలవాట్లను ప్రతి పాఠంలో ఒకే విధంగా నడిపితే గౌరవం వాటి వెంట వస్తుంది. గొంతు పెంచడం వర్క్‌షాపులో ప్రమాదకరం కూడా, ఎందుకంటే నిజంగా ఆపమని అరవవలసిన క్షణంలో ఆ అరుపుకు విలువ మిగలదు.

మొదటి రెండేళ్లు

క్యూటీఎస్ వచ్చాక రెండేళ్ల ప్రవేశకాలం ఉంటుంది. అందులో ఉన్నవారిని ఈసీటీ అంటారు. మొదటి ఏడాది పాఠాల భారం పది శాతం, రెండవ ఏడాది ఐదు శాతం తగ్గిస్తారు. ఒక మెంటర్‌ను నియమిస్తారు. ఇది మీ హక్కు, మొహమాటంతో వదులుకోకండి. లండన్ పరిసరాలు కాని చోట ప్రారంభ జీతం 2025–26లో 32,916 పౌండ్లు. లండన్ లోపలి ప్రాంతాల్లో 40 వేలు దాటుతుంది.

ఉద్యోగం ఎంచుకునేటప్పుడు విభాగంలో కనీసం మరో ఇద్దరు ఈ సబ్జెక్టు ఉపాధ్యాయులు, ఒక టెక్నీషియన్ ఉన్న బడికే ప్రాధాన్యం ఇవ్వండి. దిగువ తరగతుల్లో పిల్లలు చెక్క, బట్ట, ఆహారం, ఎలక్ట్రానిక్స్ విభాగాల మధ్య కొన్ని వారాలకొకసారి మారుతుంటారు. మీకు రాని విభాగాన్ని కూడా బోధించమంటారు. అంగీకరించండి, కానీ ముందు ఆ పాఠాలను తోటి ఉపాధ్యాయుడి తరగతిలో చూసే సమయం అడగండి. వంటగది పాఠాలకు ఆహార పరిశుభ్రత శిక్షణ విడిగా కావాలి.

జీసీఎస్‌ఈ ప్రాజెక్టును పూర్తిగా అర్థం చేసుకోండి

ఈ వృత్తిలో మీ పేరు నిలిచేది ఇక్కడే. 2017లో మొదలైన ప్రస్తుత జీసీఎస్‌ఈలో సగం మార్కులు రాతపరీక్షకు, సగం ఎన్‌ఈఏ అని పిలిచే ప్రాజెక్టుకు. పరీక్షా బోర్డులు పదవ సంవత్సరం (ఇయర్ 10 తరగతి) చివర్లో, జూన్ 1న, కొన్ని సందర్భాలను ప్రకటిస్తాయి. పిల్లలు వాటిలో ఒకదాన్ని తీసుకుని, తమకు తామే ఒక వినియోగదారుణ్ణి, సమస్యను వెతుక్కుని, సుమారు 30 నుంచి 35 గంటల్లో పరిష్కారాన్ని చేయాలి. ఏక్యూఏ బోర్డు పద్ధతిలో నూరు మార్కుల్లో వస్తువు తయారీకి దక్కేవి ఇరవై మాత్రమే; పరిశోధనకు పది, బ్రీఫ్‌కూ (ఏం చేయబోతున్నామో చెప్పే క్లుప్త వివరణ) స్పెసిఫికేషన్‌కూ (వస్తువుకు ఉండవలసిన లక్షణాల జాబితా) కలిపి పది, ఆలోచనల సృష్టికి ఇరవై, వాటి అభివృద్ధికి ఇరవై, విశ్లేషణకు ఇరవై. ఇంజనీరింగ్ నేపథ్యం ఉన్నవారు పిల్లల చేత అందమైన వస్తువు చేయించడంలో వారాల కొద్దీ గడిపి, మిగతా ఎనభై మార్కులకు కావలసిన ఆధారాలను చివర్లో హడావుడిగా రాయిస్తారు. దీనికి బదులు, అట్టముక్కలతో నమూనా చేసి, వినియోగదారుడికి చూపి, ఆయన మాటను రాసుకుని, మళ్లీ మార్చే అలవాటును ఏడవ సంవత్సరపు తరగతి (ఇయర్ 7) నుంచే నాటండి. అలా పెరిగిన పిల్లలకు ఎన్‌ఈఏ కొత్తగా అనిపించదు.

పిల్లల పనికి హద్దు మీరి సహాయం చేయకూడదన్న నియమం ఇక్కడ కఠినమైనది. మంచి మార్కుల కోసం ఉపాధ్యాయుడే డిజైన్ చెప్పేస్తే అది అక్రమమవుతుంది. ప్రశ్న అడగవచ్చు, జవాబు ఇవ్వకూడదు. రాతపరీక్షలో కనీసం 15 శాతం మార్కులు గణిత నైపుణ్యాలకు ఉంటాయి. ఇంజనీరింగ్ చదివినవారు తోటి ఉపాధ్యాయులకు కూడా సహాయపడగలిగిన చోటు ఇది, దాన్ని విభాగంలో మీ బాధ్యతగా అడిగి తీసుకోండి.

పై మెట్లు: తొందరపడకండి

కొరత వల్ల రెండు మూడేళ్లకే విభాగాధిపతి పదవి మీ ముందుకు రావచ్చు. జీసీఎస్‌ఈ ప్రాజెక్టు బృందాలను మొదటి నుంచి చివరి వరకు కనీసం రెండు సార్లు నడిపించాకే దాన్ని స్వీకరించమని నా అభిప్రాయం. విభాగాధిపతికి పిల్లల ఫలితాలతో పాటు యంత్రాల భద్రత, సామగ్రి బడ్జెట్, టెక్నీషియన్ పని, ఎన్‌ఈఏ మార్కులను ఒకే ప్రమాణానికి తేవడం అన్నీ చేరతాయి. అనుభవం లేనప్పుడు ఈ బరువు మంచి ఉపాధ్యాయులను వృత్తికే దూరం చేస్తోంది. ముందుగా దిగువ తరగతుల పాఠ్యప్రణాళిక సమన్వయం వంటి చిన్న బాధ్యతను, దానికి వచ్చే టీఎల్‌ఆర్ అనే అదనపు బాధ్యతల భత్యంతో సహా, అడగండి. సాధారణ జీతశ్రేణి చివరికి చేరాక పై శ్రేణికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2025–26లో లండన్ వెలుపల దాని గరిష్ఠం 51 వేల పౌండ్ల దరిదాపుల్లో ఉంది.

పరీక్షా బోర్డులో పేపర్లు దిద్దే పనికో, బడులు వేసిన ఎన్‌ఈఏ మార్కులను సరిచూసే మోడరేటర్ పనికో మూడవ నాలుగవ ఏట దరఖాస్తు చేయండి. ఇతర బడుల పిల్లల పనిని వరుసగా చూసినప్పుడు ప్రమాణం ఎక్కడుందో తెలిసినంత స్పష్టంగా ఏ శిక్షణ తరగతిలోనూ తెలియదు. విభాగ నాయకత్వం దాటి ఉపప్రధానోపాధ్యాయ స్థాయికి వెళ్లాలనుకునేవారు ఎన్‌పీక్యూ అనే జాతీయ వృత్తి అర్హత కోర్సుల్లో సీనియర్ నాయకత్వపు కోర్సును, ఆపైన ప్రధానోపాధ్యాయత్వపు కోర్సును ఎంచుకోవచ్చు. పాఠం చెప్పడమే ఇష్టమైనవారికి మెంటర్‌గా, శిక్షణ సంస్థలో సబ్జెక్టు శిక్షకుడిగా మారే దారి ఉంది. ఈ దారిని తక్కువ మంది ఎంచుకుంటున్నారు, కొత్తవారికి వర్క్‌షాపు నేర్పేవారి అవసరం మాత్రం పెరుగుతోంది.

కొన్నేళ్ల తరువాత స్వదేశానికి తిరిగి రావాలనుకునేవారికి ఈ అనుభవం వృథా కాదు. ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలోరియేట్) మధ్యస్థాయి కార్యక్రమంలో డిజైన్ ఒక సబ్జెక్టు. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈలో డిజైన్ అండ్ టెక్నాలజీ ఒక పేపరుగా ఉంది. హైదరాబాదులోని అంతర్జాతీయ పాఠశాలల ప్రకటనల్లో డిజైన్ ఉపాధ్యాయుడు, మేకర్‌స్పేస్ నిర్వాహకుడు అనే పేర్లతో వచ్చే పోస్టులను గమనిస్తూ ఉండండి. పిల్లలు చేతులతో నమూనాలు చేసి నేర్చుకోవడానికి 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు మన జిల్లాల బడుల్లోనూ ఉన్నాయి. వాటికి పరికరాలు అందినంత తేలికగా, పిల్లల చేత ఒక సమస్య నుంచి నమూనా దాకా నడిపించగల మనుషులు దొరకడం లేదు. తిరిగి రావాలన్న ఆలోచన ఉంటే, ఇంగ్లండ్‌లో ఉండగానే మీరు తయారు చేసిన పాఠ ప్రణాళికలు, ప్రమాద అంచనాల నమూనాలు, పిల్లల పేర్లు తీసేసిన ప్రాజెక్టు ఉదాహరణలను బడి అనుమతితో ఒక క్రమంలో భద్రపరచుకోండి. స్వదేశంలోని నియామక మండలి ముందు వాటినే తెరిచి చూపవలసి ఉంటుంది.